వంక పెట్టిన ఇల్లు

అమ్మాయికి హైదరాబాద్‌లో కాలేజీ సీటు వచ్చిందని తెలిసి మా ఇంటికి వచ్చినవాళ్లలో సగం మంది ఏం చదవబోతోందని అడగలేదు. ఫ్లాటు ఎక్కడ తీసుకుంటున్నారని అడిగారు. ప్రొద్దుటూరులో మా వీధి అలాంటిది. అందరూ బంగారం అంగళ్లవాళ్లు, బట్టల కొట్లవాళ్లు, పత్తి మిల్లులవాళ్లు. పిల్లకో పిల్లాడికో అక్కడ సీటు రాగానే ముందు ఫీజు కడతారు, ఆ వెంటనే ఫ్లాటు చూస్తారు. నాలుగేళ్లు బాడుగ ఎవరికో పోసే బదులు కొనేస్తే పోదా అన్నది వాళ్ల వాదన. చదువు పూర్తయ్యేసరికి పిల్లకు డిగ్రీ వస్తుంది, ఇంటికి రేటు వస్తుంది. రెండింట్లో ఏది ఎక్కువ పనికొస్తుందో పెళ్లి భోజనాల దగ్గర తేల్చుకుంటారు.

మేమూ కొన్నాం. మా ఆయనది కడప బండల వ్యాపారం. నేను బట్టల కొట్టులో పుట్టి పెరిగినదాన్ని. ఏదైనా కొనేటప్పుడు నాణ్యం ఆయన చూస్తాడు, బేరం నేను చేస్తాను. పెళ్లయినప్పటి నుంచి మా ఇంట్లో పని పంపకం ఇదే. ఆ ఇంట్లో మా అమ్మాయి ఉంటుందా ఉండదా అన్నది ఒక్కటే అసలు సంగతి. అది తప్ప మిగతావన్నీ గట్టిగా బేరం చేశాను.

ఆ బేరం తీరు తెలియాలంటే మా నాన్న కొట్టు గురించి కొంచెం చెప్పాలి. ఇరుకైన కొట్టు. వీధిలోంచి రెండు మెట్లెక్కితే తెల్లటి పరుపు, మూడు గోడలకూ అలమారలు. బడి లేనప్పుడు నేను ఆ పరుపు మూల కూర్చుని చీరలు మడతపెట్టేదాన్ని. లోపలికి వచ్చి చీర మీద చెయ్యి వేసి ‘అబ్బ, ఎంత బాగుందో’ అన్న మనిషికి మా నాన్న రెండో చీర తీసేవాడు కాదు. ఆమె ‘ఇప్పుడే వస్తాం’ అని మెట్లు దిగుతుంది, మళ్లీ రాదు. అదే, మడత విప్పించి, అంచు గిల్లి, వెలుతురుకు పట్టి చూసి, ‘రంగు నిలిచేట్టు లేదు, కొంగు పొట్టి, దీనికింతా’ అని మొహం చిట్లించే ఆమె వస్తే ఆయన టీ తెప్పించేవాడు. ఆమె చీర కొనుక్కుని వెళ్లాక నాతో అనేవాడు: “వంక పెట్టిందంటే కొన్నట్టే పాపా. అక్కర్లేని చీరకు ఎవరూ అంతసేపు తప్పులు ఎతకరు.”

మేం కొనేవైపు నిలబడినప్పుడు ఆ విద్యనే తిరగేసి వాడేవాళ్లం. మా అమ్మ బంగారం అంగడికి పోతే నన్ను వెంట తీసుకుపోయేది. తనకు నచ్చిన గొలుసు చూసి పెదవి విరవడం నా పని. నా మొహం ఆ పనికి బాగా కుదిరేదని, పుట్టుకతోనే దేనికీ సంతోషించని మొహమని మా వాళ్లు ఇప్పటికీ మెచ్చుకుంటారు.

మా అమ్మాయికీ ఆ విద్య అబ్బింది. చిన్నప్పుడు బడి సంచీ కొనడానికి తీసుకెళ్తే గులాబీ రంగు సంచీ ఒకటి పట్టుకుని, వదల్లేక వదిలి, అంగడివాడికి వినపడేలా “జిప్పు సరిగ్గా లేదు మా” అంది. అని, నావైపు తిరిగి కన్ను గీటింది. ఆ సంచీ ఎప్పుడో చిరిగిపోయింది. ఆ కన్ను గీటడం మాత్రం నేను చాలా ఏళ్లు అందరికీ చెప్పుకుని తిరిగాను.

ఫ్లాట్లు చూడటం మొదలుపెట్టిన కొన్నాళ్లకే నాకు ముందు కాళ్లు, తర్వాత కళ్లు అలిసిపోయాయి. కొండాపూర్‌లో చూశాం. కొత్తగూడలో ఫ్లైఓవర్‌కు ఆనుకున్నట్టున్న ఇల్లు చూశాం. నానక్‌రామ్‌గూడలో మెడ పట్టేసేంత ఎత్తు టవర్లు చూశాం. ఎక్కడ చూసినా అదే బూడిద రంగు సోఫా, గాజు గిన్నెలో అవే ప్లాస్టిక్ యాపిల్ పళ్లు, క్లబ్ హౌస్‌లో ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లు. ఎక్కడికి పోయినా చల్లటి నీళ్ల సీసా చేతిలో పెట్టి ‘మీ బడ్జెట్ ఎంత మేడం’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు మా వీధిలో పుట్టరు. “ముందు నువ్వు చెప్పు నాయనా, దాన్ని బట్టి మా బడ్జెట్ పుడుతుంది” అనేదాన్ని. మొదట్లో ఆ మాటకు నాకే నవ్వొచ్చేది. తర్వాత తర్వాత ఎక్కం అప్పజెప్పినట్టు అనేదాన్ని. ఎవరు ఏ అంతస్తు చూపించారో, ఏ బాల్కనీ ఎటు తిరిగి ఉందో అన్నీ కలిసిపోయి, కళ్లు మూసుకుంటే ఒకటే పెద్ద ఇల్లు, దాని నిండా ప్లాస్టిక్ యాపిల్ పళ్లు కనపడేవి.

చివరికి నార్సింగిలో ఒకటి దొరికింది. ఓనరు బెంగళూరులో ఉంటాడు, అమ్మేసే తొందరలో ఉన్నాడు. అలాంటి తొందర నాకు మైలు దూరం నుంచే వాసన వస్తుంది. ఆ రోజు అమ్మాయిని కూడా తీసుకెళ్లాం.

బ్రోకరు నార్సింగి మనిషే. ఆ టవర్లు లేవకముందు వాళ్ల జొన్నచేను ఆ పక్కనే ఉండేదట. తాళం తీస్తూనే అందుకున్నాడు.

“రాన్రి అక్కా, జర కుడికాలు వెట్టి రాన్రి. గిట్ల గాలి గీ ఏరియాల యాడ రాదు. మూడు బెడ్‌రూములు, పార్కింగు, అంత రెడీ. మీరు బట్టలు దెచ్చుకునుడే.”

మా ఆయన అప్పటికే నేల మీద కూర్చుని వేలి కణుపుతో టైళ్లు కొట్టి చూస్తున్నాడు. “కింద సిమెంటు సరిగ్గా నింపల్యా. డొల్ల పలుకుతాంది,” అన్నాడు.

“సార్, టైళ్లు ఏం జూస్తరు, వ్యూ జూడున్రి.”

అమ్మాయి హాలు మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. “కాలేజీకి చానా దూరం మా,” అంది.

నేను బ్రోకరు వైపు తిరిగాను. “విన్నావా నాయనా? చదువుకునే పిల్ల.”

“దూరమేంది అక్కా. అవుటర్ రింగు రోడ్డెక్కితే సీదా పోవుడే.”

“నేను ఆటోలో పోవాల. ఆటోలను అవుటర్ ఎక్కనీరు,” అంది అమ్మాయి.

బ్రోకరు దగ్గాడు. నాకు కడుపు నిండినట్టయింది.

“ఇన్ని గదులు నాకెందుకు మా? ఒకదాంట్లో పడుకుంటా. మిగతావాటికి తాళం పెట్టుకోవాల్నా?”

“దోస్తులు వస్తరు బిడ్డా, చుట్టాలొస్తరు,” అన్నాడు బ్రోకరు.

“చుట్టాలొస్తారని ఆశ పెట్టి ఇల్లు అమ్మేవాణ్ణి నిన్నే చూస్తాండా,” అన్నాను. “మాకు చుట్టాలు రాని ఇల్లుంటే చెప్పు, ఇంకో లక్ష ఎక్కువిస్తాం.”

అమ్మాయి బాల్కనీలోకి వెళ్లింది. చాలాసేపు అక్కడే నిలబడి, అక్కడి నుంచే అంది: “ఎదురు టవర్లో ఒక్కరు గూడా బట్టలు ఆరేయల్యా. మనుషులు ఉండారా అసలు?”

“అన్నీ అమ్ముడువోయినయి బిడ్డా. ఒక్కటి ఖాళీ లేదు. అంత ఇన్వెస్టుమెంటోళ్లు.”

“అంటే ఎవరూ లేరనే కదా.”

ఇలా ఒకదాని తర్వాత ఒకటి. గొంతు పెంచకుండా, మొహంలో ఏమీ పైకి రానివ్వకుండా. మా నాన్న బతికుంటే ఆ పిల్లకు టీ తెప్పించేవాడు. తను పెట్టిన ప్రతి వంకనూ నేను అందుకుని, దానికి రెండు చేర్చి, బ్రోకరు ముందు పెట్టాను. దూరం, దుమ్ము, డొల్ల టైళ్లు, మనుషులు లేని టవరు. అతను బాల్కనీలోకి వెళ్లి ఓనరుకు ఫోన్ చేశాడు. తిరిగి వచ్చి ధర తగ్గిందన్నాడు. నేను నిట్టూర్చి పెదవి విరిచాను. మళ్లీ వెళ్లాడు, మళ్లీ తగ్గింది.

ఒక్కటి మాత్రం గమనించాను. అమ్మాయి కన్ను గీటలేదు. పెద్దదైంది, నలుగురిలో ఏం గీటుతుందిలే అనుకున్నాను.

లిఫ్టులో దిగుతున్నప్పుడు ఆగలేక తన చెయ్యి నొక్కాను. తను నావైపు చూసి, “నాకు నిజంగానే నచ్చల్యా మా,” అంది. బ్రోకరు మాతోపాటే లిఫ్టులో ఉన్నాడు. సంతకాలయ్యేదాకా పట్టు వదలదు నా తల్లి, అనుకున్నాను.

“బిడ్డ మస్తు హుషారున్నదక్కా. మీకంటె గట్టిది,” అన్నాడు బ్రోకరు.

“ఎవరి బిడ్డ?” అన్నాను.

కారెక్కాక, మేం ముగ్గురమే ఉన్నప్పుడు, మా ఆయన “ఏం, నచ్చినట్టేనా?” అన్నాడు. అడిగింది నన్ను. నచ్చిందన్నాను. వెనక సీట్లో అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

పాలు పొంగించిన రోజు ఇంటినిండా చుట్టాలు. ఇంత ఖరీదు ఇల్లు ఇంత చవగ్గా ఎలా కొట్టేశారని అడిగిన ప్రతి ఒక్కరికీ ఆ బేరం కథ చెప్పాను. అడగనివాళ్లకు రెండుసార్లు చెప్పాను. “ఆటోలను అవుటర్ ఎక్కనీరు అనింది చూడు, వాడి మొహం చూడాల్సింది.” మా మేనత్త అమ్మాయి గడ్డం పట్టుకుని “మీ తాత కొట్టు నువ్వే నడపాల్సింది” అంది. అమ్మాయి అందరికీ పాయసం గ్లాసులు అందిస్తూ నవ్వింది. నవ్విందనే నాకు గుర్తు.

ఆ తర్వాత నెలకో రెణ్నెల్లకో నేను వెళ్లి వచ్చేదాన్ని. ముందే ఫోన్ చేసి వెళ్లేదాన్ని కాబట్టి తలుపు తీసేసరికి అమ్మాయి ఇంట్లో ఉండేది. ఊరి నుంచి ఊరగాయ, పొడులు, ఉగ్గాని చేసుకోవడానికి బొరుగులు మోసుకెళ్లి అలమారలో సర్ది, రెండు రోజులుండి వచ్చేదాన్ని. చదువు ఎలా ఉంది అంటే బాగుంది అనేది. ఇల్లు ఎలా ఉంది అంటే బాగుంది అనేది. ‘బాగుంది’ అన్నవాళ్లు ఏం చేస్తారో మా నాన్న కొట్టులో చూసిన సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

ఈ మధ్య ఒక దూరపు చుట్టం పెళ్లికి హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. మా ఆయనకు బండల లోడు పని ఉండి నన్నొక్కదాన్నే పంపాడు. పొద్దున బస్సు దిగి, అమ్మాయి కాలేజీకి బయల్దేరి ఉంటుంది, ఎందుకు కదిలించడం, సాయంత్రం నన్ను చూసి ఆశ్చర్యపోతుందిలే అనుకుని చెప్పకుండా నార్సింగి వెళ్లాను. నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాను. చెప్పులు విడిచి, టీ పెట్టుకుందామని వంటగదిలో అలమార తెరిచాను.

కొట్టులో పుట్టినదానికి అలమార తెరిస్తే చాలు, సరుకు కదిలిందా లేదా తెలిసిపోతుంది. కందిపొడి నేను నింపిన గీత దగ్గరే ఉంది. నిమ్మకాయ ఊరగాయ సీసాకు నేను కట్టిన గుడ్డ నా ముడితోనే ఉంది. బొరుగుల ప్యాకెట్టు విప్పి చూస్తే మెత్తబడిపోయి ఉన్నాయి. బాత్రూములో సబ్బు ఎండి పగుళ్లిచ్చింది. టీపొడి ఉంది, పాలు లేవు. ఫ్రిజ్జు స్విచ్చే వేసి లేదు.

సోఫాలో కూర్చున్నాను. తర్వాత లేచి బాల్కనీలోకి వెళ్లాను. ఎదురు టవర్లో కింది నుంచి పైదాకా చూశాను. ఎక్కడా ఒక్క బట్ట ఆరేసి లేదు. పొద్దున పూట, ఎండ కాస్తున్న రోజు. కుక్కర్ కూత లేదు, టీవీ చప్పుడు లేదు. దూరంగా ఎక్కడో ఇంకో టవరు కడుతున్న మోత ఒక్కటే వినిపిస్తోంది.

ఫోన్ చేశాను.

“యాడుండావు?”

“కాలేజీకి పోతాండా మా. ఏంది ఇంత పొద్దున్నే?”

“సాయంత్రం ఎప్పుడొస్తావు ఇంటికి?”

“నువ్వు యాడుండావు మా?”

“ఇంట్లో. అలమార ముందర.”

వాళ్ల తాత మనవరాలు కదా, అలమార అనగానే అర్థమైంది. “కొత్తగూడకు రా మా,” అంది. “లొకేషన్ పెడతా. క్లాసు పోతే పోనీలే.”

ఆ ఊరగాయ సీసా చేత పట్టుకుని కిందికి దిగి క్యాబు చూశాను. అంత ఇల్లు కొన్న మనిషిని, ఫోన్‌లో క్యాబు రేటు చూసి మనసొప్పక, తగ్గుతుందేమోనని కాసేపు గేటు దగ్గర నిలబడ్డాను. తగ్గలేదు, పెరిగింది. ఫోన్‌తో బేరమాడటం మా నాన్న నేర్పలేదు. చివరికి గేటు ముందు ఆగిన షేర్ ఆటో ఎక్కి నానక్‌రామ్‌గూడలో దిగి, అక్కడ ఇంకోటి పట్టుకున్నాను. మెడలో ఐడీ కార్డులున్న పిల్లల మధ్య ఊరగాయ సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి ఆ రోజు చెప్పినవన్నీ ఆ దారిలో ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. దూరం అంది. దూరమే. ఆటోలు అవుటర్ ఎక్కవంది. ఎక్కలేదు, దుమ్ములో చుట్టూ తిరిగే వచ్చాయి.

కొత్తగూడ జంక్షన్ వెనక సందులో ఆడపిల్లల హాస్టలు. కింద ఫోన్లు బాగుచేసే అంగడి, పక్కన టిఫిన్ సెంటరు. అమ్మాయి మెట్ల దగ్గరే నిలబడి ఉంది. నా చేతిలో సీసా తీసుకుంది. పైన గదిలో మూడు మంచాలు, వాటి మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. ఒక మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటున్న పిల్ల చప్పున లేచింది. కాకినాడ వైపు పిల్లట.

“కూర్చోండి ఆంటీ. ఉండండి, మంచినీళ్లు తెస్తానండి,” అని బయటికి వెళ్లింది.

ఆ మాత్రం సందు దొరకగానే నేను అడిగాను. “ఎన్నాళ్లనుంచి?”

“మొదటి సెమిస్టర్ అయినప్పటినుంచి.”

“చెప్పొచ్చు కదే.”

“చెప్పినా కదా మా. కొనకముందే చెప్పినా. దూరమని చెప్పినా, అంత పెద్దిల్లు వద్దని చెప్పినా, ఆడ మనుషులే లేరని చెప్పినా. నువ్వు ఒకటి గూడా తీసుకోల్యా.”

“తీసుకోకేం? అన్నీ బేరంలో వాడినా.”

అన్నాక ఆ మాట ఎలా ఉందో నా చెవులకే వినపడింది. అమ్మాయికి నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

“కొన్నాక మళ్లీ చెప్దామనుకున్నా. పాలు పొంగించేనాడు అందరికీ నా బేరం గురించే చెప్తాంటివి. నాకు నోరు రాల్యా. కొన్నాళ్లు ఉండి చూసినా మా. సాయంత్రం ఇంటికొస్తే లిఫ్టులో ఎవరూ ఉండరు, వరండాలో ఎవరూ ఉండరు. నా చెప్పుల చప్పుడే. అన్నం తినేటప్పుడు టీవీ పెట్టుకునేదాన్ని, ఎవరో ఒకరు మాట్లాడతాండాలని.” ఊరగాయ సీసా ముడి విప్పడానికి చూస్తూ, నావైపు చూడకుండా అంది: “నన్ను మళ్లీ ఆడికి పొమ్మనొద్దు మా.”

కాకినాడ పిల్ల నీళ్లు తెచ్చి ఇచ్చి, తన మంచం మీద ఒదిగి కూర్చుంది. ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. నా మొహం సంగతి ముందే చెప్పాను. దాంట్లో ఏమీ కనపడదు.

నీళ్లు తాగి, గ్లాసు కిటికీలో పెట్టి, గదిని ఒకసారి చూశాను. మంచం కోడు ఊపి చూశాను.

“ఈ మంచం ఆడుతాంది,” అన్నాను. “ఫ్యాను చూడు, తిరిగేదానికంటే మూలిగేదే ఎక్కువ. ఆ కిటికీ తెరిస్తే పక్కింటి వంటగదిలో తాలింపు ఇక్కడ పడుతుంది. అలమారకు ఒక తలుపే ఉంది. ఇంతమందికి ఒక బాత్రూమా? గోడకు తేమ. ఇంత సన్న పరుపు మీద ఎట్లా పడుకుంటాండారే?”

కాకినాడ పిల్ల మొహం వాడిపోయింది. “పర్లేదండి ఆంటీ, ఓనరు ఆంటీ బాగుచేయిస్తానన్నారండి,” అంది మెల్లిగా.

“నువ్వు ఊరుకో,” అంది మా అమ్మాయి. ముడి విప్పడం ఆపి నన్నే చూస్తోంది. “మా అమ్మ కొట్టు మనిషి. నచ్చకపోతే ఇంతసేపు మాట్లాడదు.”

“ఎవరు చెప్పినారు నీకు?”

“తాత.” ఇంకొంచెం దగ్గరికి జరిగింది. “అవునా మా? మళ్లీ నేను తప్పు అర్థం చేసుకోకూడదు. నిజంగా వంక పెడతాండావా, బేరానికి పెడతాండావా?”

“మీ నాన్నకు చెప్పాలి,” అన్నాను.

“ఏమంటాడు?”

“ఏమంటాడు? బాడుగకిద్దాం అంటాడు. వచ్చినవాళ్లకు డొల్ల టైళ్ల సంగతి చెప్పొద్దంటాడు.”

“అది కాదు మా. నేను అడిగింది చెప్పు.”

నోటితో చెప్పడం మా వీధి మనుషులకు అలవాటు లేని పని. నచ్చిందని నోరు జారితే ధర పెరుగుతుందన్న భయం కొనేదేమీ లేని చోట కూడా పోదు. అందుకని తనవైపు తిరిగి కన్ను గీటబోయాను. ఎన్నేళ్లయిందో ఆ పని చేసి. ఒక కన్ను మూయబోతే రెండూ మూతపడ్డాయి. పొద్దున్నుంచి బస్సులో, ఆటోల్లో తిరిగినదాన్ని, మళ్లీ తెరవబుద్ధి కాలేదు.

“పడుకో మా,” అంది అమ్మాయి. దిండు తల కిందికి వచ్చింది. మంచం నేను చెప్పినట్టే ఆడింది. ఫ్యాను మూలుగుతోంది. ఆ పక్కన వాళ్లిద్దరూ ఊరగాయ సీసా ముడి గురించి గుసగుసగా పోట్లాడుకుంటున్నారు.